లాభార్జన, లోకహితం: హైదరాబాదు అనుభవంలో కొలమానాల చరిత్ర

నల్లకుంట నుంచి బాగ్‌లింగంపల్లి మీదుగా ఆర్టీసీ చౌరస్తా వైపు సాగే దారిలో వీఎస్టీ అన్న మాట నేడు ఒక సంస్థ పేరుగా కంటె ఒక కూడలి పేరుగానే ప్రజల నోట ఎక్కువగా వినబడుతుంది. 1930లో వజీర్ సుల్తాన్ టొబాకో కంపెనీగా నమోదై, చార్మినార్ సిగరెట్ల ద్వారా దేశమంతటా పేరు గడించిన ఆ సంస్థ ఇక్కడి అజామాబాదు పారిశ్రామికవాడలో నిలదొక్కుకొన్నది. దానికి కొద్ది దూరంలో, నేటి ఇందిరా పార్కు పరిసరాల్లో, దివాన్ బహద్దూర్ రాంగోపాల్ బట్టల మిల్లు అంతకు ముందే వెలసింది. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ పేటలు ఇప్పుడు గ్రంథాలయాలకూ, పోటీ పరీక్షల శిక్షణకూ, మధ్యతరగతి గృహస్థ జీవనానికీ పేరుపడినవి. అయినా ఈ పరిసరాల్లోనే కర్మాగారాలు నెలకొని వేలాది కుటుంబాలకు జీతం పంచాయి, వాటాదారులకు లాభం పంచాయి, ఖజానాకు పన్ను చెల్లించాయి. ఇలాంటి సంస్థ ఒకటి సమాజానికి చేసిన మేలు ఎంత, దానిని ఎవరు కొలవాలి, దేనితో కొలవాలి అన్న ప్రశ్న ఈ నగరంలో దాదాపు నూరేళ్లుగా ఏదో ఒక రూపంలో అడగబడుతూనే ఉన్నది. ఒక్కొక్క తరం ఒక్కొక్క కొలమానాన్ని చేతబట్టింది. ఆ కొలమానం ఎవరి చేతిలో ఉన్నదో వారికి అనుకూలమైన జవాబే చాలా మార్లు వచ్చింది.

మొదటి కొలమానం రాజ్యానిది. 1929లో నిజాం ప్రభుత్వం కోటి రూపాయల మూలనిధితో పారిశ్రామిక ట్రస్టు నిధిని నెలకొల్పి, వ్యక్తుల చొరవకు మాత్రమే వదిలివేస్తే ఈ దేశంలో యంత్ర పరిశ్రమ వేళ్లూనదన్న నిశ్చయంతో, కంపెనీలలో తానే వాటాలు కొనడం మొదలుపెట్టింది. వరంగల్లులో ఆజంజాహీ మిల్లు, బోధనులో నిజాం చక్కెర కర్మాగారం, సిర్పూరులో కాగితపు మిల్లు ఈ ఆశ్రయంలోనే పెరిగాయి. వీటి మేలును సంస్థానపు అధికారులు తూచిన తీరు సరళమైనది: బయటినుంచి దిగుమతి కావలసిన సరుకు ఇక్కడ ఎంత తయారైంది, ట్రస్టు నిధికి ఎంత ఆదాయం వచ్చింది. ఆ దృష్టిని హ్రస్వమైనదని నిందించడం నేడు సులభమే గాని, తన జనంలో అత్యధికులు వ్యవసాయం మీదనే ఆధారపడిన ఒక సంస్థానం ముందుగా ఉత్పత్తిని లెక్కించడంలో అసహజమేమీ లేదు. లోపం మరొక చోట ఉన్నది. చెరకు పండించిన రైతు గాని, మగ్గం మూసుకొన్న నేతగాడు గాని ఆ చిట్టాలో ఏ పద్దు కిందా కనబడడు. ప్రభుత్వం కౌలుకు ఇచ్చిన అజామాబాదు భూముల ఉద్దేశం కాలక్రమంలో ఎంత మసకబారిందంటే, ఆ కౌళ్ల రద్దు కోసం, క్రమబద్ధీకరణ కోసం 1992లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ప్రత్యేకంగా ఒక చట్టమే చేయవలసి వచ్చింది.

రెండవ కొలమానాన్ని కార్మికులు తెచ్చారు. మఖ్దూం మొహియుద్దీన్, రాజ్ బహదూర్ గౌర్ ప్రభృతులు 1940ల మధ్యలో నగరపు కార్మిక సంఘాలను ఒక వేదిక మీదికి చేర్చిన నాటి నుంచి, కంపెనీ మంచిచెడ్డలను చెప్పవలసినది దాని వార్షిక నివేదిక కాదనీ, దాని గేటు దగ్గర పని దిగి బయటికి వచ్చే మనిషి జీతమూ, పని గంటలూ, వైద్యమూ, పదవీ విరమణ నాటి భద్రతా అనీ ఒక వాదం స్థిరపడింది. ఆ వాదం ఈ ప్రాంతపు రాజకీయాన్ని ఎంతగా మలచిందో చూడదలచినవారు ముషీరాబాదు నియోజకవర్గ చరిత్రను చూడవచ్చు. ఆల్విన్ కర్మాగారంలో కూలిగా జీవితం ప్రారంభించిన టి. అంజయ్య 1980లో ముఖ్యమంత్రి అయ్యారు. 1978లో అదే ముషీరాబాదులో ఆయనను ఓడించిన నాయిని నరసింహారెడ్డి కూడా కార్మిక నాయకుడే, వీఎస్టీ కార్మిక సంఘంతో దీర్ఘకాలం మమేకమైనవారే. 2023లో ఇందిరా పార్కు నుంచి వీఎస్టీ వరకు ప్రారంభమైన ఉక్కు వంతెనకు ఆయన పేరే పెట్టారు. కూడలి పేరు కంపెనీది, వంతెన పేరు కార్మిక నాయకునిది: ఈ పేట రెండు జ్ఞాపకాలనూ నిలుపుకొన్నది.

కాని కార్మికుని కొలమానం కూడా గేటుకు లోపలి వారికే వర్తిస్తుంది. సిగరెట్టు విషయంలో ఈ పరిమితి నిర్దాక్షిణ్యంగా బయటపడుతుంది. పొగాకు పరిశ్రమ తరఫున చెప్పబడే లెక్క బలమైనదే: ఖజానాకు సుంకం, కర్మాగారంలో ఉపాధి, ప్రకాశం, గుంటూరు జిల్లాల రైతుకు మార్కెట్టు, 1976 నుంచి గుంటూరు కేంద్రంగా పనిచేస్తున్న పొగాకు బోర్డు ద్వారా విదేశీ మారకం. ఎదుటి పక్షపు లెక్కకు వస్తే, 2017-18 సంవత్సరానికి దేశవ్యాప్తంగా జరిగిన ఒక గణన ప్రకారం, పొగాకు వల్ల వచ్చే జబ్బులకూ అకాల మరణాలకూ సమాజం చెల్లించిన మూల్యం 1,77,341 కోట్ల రూపాయలని, అంటే పొగాకు మీద ఎక్సైజు సుంకంగా వచ్చిన ప్రతి 100 రూపాయలకూ 816 రూపాయల భారమని తేలింది. ఇందులో బీడీ, గుట్కా, నమిలే పొగాకు అన్నీ కలిసి ఉన్నాయి గనుక దీనిని ఏ ఒక్క కంపెనీ పద్దుకో జమకట్టడం న్యాయం కాదు. అయినా సుంకం రశీదును చూపి లోకోపకారాన్ని రుజువు చేయవచ్చునన్న నమ్మకాన్ని ఈ ఒక్క అంకె శాశ్వతంగా కదిలించింది. ఖర్చు ఆసుపత్రిలో, ఆదాయం సచివాలయంలో నమోదైనంత కాలం రెండూ ఒకే పుటలోకి రావు.

ఈ రెండు పుటలనూ కలపాలన్న ఆలోచన దేశంలో కొత్తది కాదు. సంపన్నుడు తన సంపదకు ధర్మకర్త మాత్రమేనన్న గాంధీజీ భావన నైతిక ప్రబోధంగానే మిగిలిపోగా, 1965లో జయప్రకాశ్ నారాయణ్ ప్రేరణతో ఢిల్లీలో సమావేశమైనవారు వ్యాపార సంస్థల సామాజిక బాధ్యత మీద ఒక ప్రకటన వెలువరించారు. 1970లో అమెరికాలో మిల్టన్ ఫ్రీడ్‌మన్ కంపెనీకి లాభార్జనకు మించిన సామాజిక బాధ్యత లేదని వాదిస్తూ ఉండగా, ఇక్కడ టాటా ఉక్కు సంస్థ 1979లో న్యాయమూర్తి ఎస్.పి. కొత్వాల్ అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించి, తన కార్మికులకూ, పరిసర గ్రామాలకూ, వినియోగదారులకూ తాను ఎంతవరకు న్యాయం చేసిందో పరిశీలించమని కోరింది. గొప్ప ప్రయత్నమే, అయితే పరిశీలకుని ఎంపిక చేసినది పరిశీలింపబడేవారే, నివేదికతో ఏమి చేయాలో నిర్ణయించవలసినదీ వారే. కంపెనీ చేసే మేలును కంపెనీ వెలుపలివారు, శాస్త్రీయ పద్ధతిలో, కాలం గడిచేదాకా వేచి చూచి కొలవడం అన్నది తెలుగు దేశంలో జరిగింది సూక్ష్మ రుణాల విషయంలో. ఆ కథ వివరంగా చెప్పదగినది.

దాని బీజం కంపెనీలలో లేదు. 1982లో మొదలైన డ్వాక్రా పథకం, 1990ల ఆరంభంలో నెల్లూరు జిల్లాలో దూబగుంట మహిళలు లేవనెత్తిన సారా వ్యతిరేకోద్యమం, దాని వెంట వచ్చిన పొదుపు ఉద్యమం, 1992లో నాబార్డు ప్రయోగాత్మకంగా ప్రారంభించిన సంఘాల-బ్యాంకుల అనుసంధానం, 2000 తరువాత వెలుగు, ఇందిరా క్రాంతి పథం: ఈ పరంపర వల్ల ఆంధ్రప్రదేశ్‌లో పేద స్త్రీ సంఘం పెట్టుకోవడానికీ, పుస్తకం రాసుకోవడానికీ, నెలనెలా జమ చేయడానికీ అలవాటు పడింది. దేశంలో మరెక్కడా లేనంత విస్తారమైన ఈ సామాజిక నిర్మాణం ప్రజాధనంతోనూ, స్త్రీల స్వయంకృషితోనూ ఏర్పడింది. దాని మీదనే, కొంత దాని పక్కనే, ప్రైవేటు సూక్ష్మ రుణ సంస్థలు తమ భవనాన్ని కట్టుకొన్నాయి.

వాటిలో ముఖ్యమైనవి హైదరాబాదు కేంద్రంగా పెరిగాయి. విజయ్ మహాజన్ నాయకత్వంలో 1996లో బేసిక్స్ తొలి నుంచీ వ్యాపార రూపంలోనే వచ్చింది. ఉదయకుమార్ షేర్ సంస్థ, గుంటూరులో 1998లో పద్మజారెడ్డి ప్రారంభించిన స్పందన, విక్రమ్ ఆకుల మెదక్ జిల్లా మెట్ట ప్రాంతంలో మొదలుపెట్టిన స్వయం కృషి సంఘం మొదట స్వచ్ఛంద సంస్థలుగా పుట్టి, తరువాత బ్యాంకింగేతర ఆర్థిక కంపెనీలుగా మారినవి. ఈ రూపాంతరాన్ని అత్యాశగా మాత్రమే చూడడం తొందరపాటు. విరాళాల మీద నడిచే సంస్థ కొన్ని వేల మందిని మించి చేరలేదు. రుణం అడిగే పేద కుటుంబాలు కోట్లలో ఉన్నాయి. బ్యాంకులు ఇలాంటి సంస్థలకిచ్చే అప్పును ప్రాధాన్య రంగపు రుణంగా లెక్కించడానికి రిజర్వు బ్యాంకు 2000లో అనుమతించింది. లాభం చూపగలిగితే పెట్టుబడి దానంతట అదే వస్తుంది. లాభం ద్వారానే సేవ విస్తరిస్తుందన్న వాదాన్ని వీరు నిజాయితీగానే నమ్మారని చెప్పడానికి ఆధారాలు లేకపోలేదు. 2006లో బంగ్లాదేశ్‌కు చెందిన ముహమ్మద్ యూనస్‌కు, ఆయన గ్రామీణ బ్యాంకుకు నోబెల్ శాంతి బహుమతి లభించడంతో ఆ నమ్మకానికి ప్రపంచ ప్రతిష్ఠ తోడైంది.

అయితే ఈ సంస్థలు తమ మేలుకు చూపిన రుజువులు రెండే: ఖాతాదారుల సంఖ్య, వసూళ్ల శాతం. అయిదుగురు స్త్రీలు ఒక గ్రూపు, కొన్ని గ్రూపులు కలిస్తే ఒక సెంటరు, వారంవారం ఉదయాన్నే సమావేశం, ఏడాది పాటు వారపు కంతు. ఒకరు కట్టలేకపోతే తక్కిన నలుగురూ కట్టాలి. ఈ ఏర్పాటు కింద నూటికి తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది మంది కంతు తప్పకుండా కట్టారంటే, రుణం వారికి ఉపయోగపడినందుకే కట్టారని సంస్థలు అన్నాయి; పెట్టుబడిదారులు అలాగే విన్నారు; పత్రికలు అలాగే రాశాయి. నిజానికి వసూళ్ల శాతం చెప్పగలిగింది ఒక్కటే, డబ్బు తిరిగి వచ్చిందని. అది గేదె పాల మీద వచ్చిందా, కూలి డబ్బులో మిగిల్చినదా, పొరుగింటి బదులా, మరొక కంపెనీ వద్ద తెచ్చిన కొత్త అప్పా, ముక్కుపుడక తాకట్టా అన్నది ఆ అంకెలో లేదు. రుణదాత భద్రతను కొలిచే సాధనాన్ని రుణగ్రహీత సంక్షేమాన్ని కొలిచే సాధనంగా పొరబడడం ఈ అధ్యాయంలోని మూలదోషం. తక్కిన దోషాలు చాలావరకు దానిలో నుంచి పుట్టినవే.

ఈ పొరపాటును అందరూ చేయలేదు. బేసిక్స్ సంస్థ అయిదేళ్ల పని తరువాత, 2001లో, తన పాత ఖాతాదారుల ఆదాయాలను బయటివారి చేత పరిశీలింపజేసుకొన్నప్పుడు, సగం మందికి పైచిలుకు మాత్రమే ఆదాయం పెరిగిందనీ, దాదాపు పావు వంతుకు ఏ మార్పూ లేదనీ, మరొక పావు వంతుకు తగ్గిందనీ తేలింది. ఆ ఫలితాన్ని సంస్థ దాచలేదు. అప్పు ఒక్కటే చాలదనీ, దానితో పాటు బీమా, వ్యవసాయ సలహా, ఉత్పత్తిదారుల సంఘటన కావాలనీ తన పద్ధతినే మార్చుకొన్నది. ఈ రంగపు చరిత్రలో ఇంత గౌరవప్రదమైన ఘట్టం నాకు మరొకటి కనబడదు. కాని మూలధనపు మార్కెట్టులో దానికి ప్రతిఫలం దక్కలేదు. వేగంగా పెరిగినవారి వైపే పెట్టుబడి ప్రవహించింది.

మొదటి హెచ్చరిక కృష్ణా జిల్లా నుంచి వచ్చింది. 2006 మార్చిలో, అధిక వడ్డీలు, బలవంతపు వసూళ్లు, అవమానం భరించలేక జరిగిన ఆత్మహత్యల ఆరోపణల నడుమ, జిల్లా యంత్రాంగం సుమారు యాభై శాఖలను మూయించింది. కంపెనీలు ఒక స్వచ్ఛంద నియమావళికి అంగీకరించాయి, వడ్డీలు కొంత తగ్గించాయి. ఏడాది తిరిగేసరికి విస్తరణ మునుపటి కంటె వేగంగా సాగింది. హెచ్చరికను ప్రభుత్వం మరచింది, సంస్థలు మరచాయి. మదుపరులు దానిని విననే లేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే హైదరాబాదు బస్తీలలో ఒక అసాధారణమైన కొలత మొదలైంది. అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో, రేచల్ గ్లెనర్‌స్టర్, సింథియా కిన్నన్ అనే ఆర్థికవేత్తలు స్పందన సంస్థ సహకారంతో నగరంలో 104 పేద బస్తీలను ఎంచుకొని, వాటిలో 52 బస్తీలలో మాత్రమే, యాదృచ్ఛికంగా నిర్ణయించి, సంస్థ శాఖలు తెరిపించారు. మిగిలిన 52 బస్తీలు పోలికకు నిలిచాయి. ఏడాది నుంచి ఏడాదిన్నర గడిచాక 6,800కు పైగా కుటుంబాలను, ఆ తరువాత మరి రెండేళ్లకు తిరిగి అవే కుటుంబాలను పలకరించారు. ఈ పద్ధతి విలువ ఎక్కడున్నదంటే, అప్పు తీసుకొన్నవారిని మాత్రమే అడిగితే చురుకైనవారే కనబడతారు, నష్టపోయి విడిచిపోయినవారు కనబడరు. ఇక్కడ తీసుకొన్నవారూ తీసుకోనివారూ, శాఖ వచ్చిన బస్తీవారూ రాని బస్తీవారూ సమానంగా లెక్కకు వచ్చారు. కంపెనీ రాకపోతే ఏమి జరిగి ఉండేదన్న ప్రశ్నకు ఊహతో కాక పరిశీలనతో సమాధానం చెప్పే అవకాశం కలిగింది.

సమాధానం ఇరుపక్షాలనూ నిరాశపరిచింది. సగటు కుటుంబపు నెలవారీ ఖర్చు, అంటే దాని బతుకు మట్టం, చెప్పుకోదగినంత పెరగలేదు. పిల్లల చదువులోనూ, ఆరోగ్యంలోనూ, ఇంట్లో స్త్రీ మాట చెల్లుబాటులోనూ తేడా కనబడలేదు. అప్పటికే చిన్న వ్యాపారం ఉన్నవారు దానిలో మరికొంత పెట్టుబడి పెట్టారు. కుట్టు మిషను, తోపుడు బండి, రిఫ్రిజిరేటరు వంటి నిలిచే వస్తువుల మీద వెచ్చించారు. టీ, పొగాకు, పండుగ ఖర్చులను తగ్గించుకొన్నారు. దారిద్ర్యాన్ని రూపుమాపే మహత్తు లేదు, పేదలను నిలువునా ముంచిన జాడా లేదు: జీవితాలను కొద్దిగా సర్దుకొనే వీలు కల్పించిన ఒక సాధారణ ఆర్థిక సేవ మాత్రమే అక్కడ కనబడింది. 2009లో ప్రాథమిక రూపంలో వెలువడిన ఈ పరిశోధన 2015లో ప్రచురితమైంది. అందులోని ఇద్దరికి 2019లో నోబెల్ వచ్చింది. తనను తాను ఈ పరీక్షకు అప్పగించుకొన్న సంస్థకు ఆ మేరకు ప్రశంస దక్కవలసిందే. కాని ఒక్క పరిమితి మరువరాదు. ఆ పరీక్ష కొలిచింది పోటీ ముదరని బస్తీలలో ఒక కంపెనీ ప్రవేశాన్ని. నాలుగైదు కంపెనీలు ఒకే గడప తొక్కిన పల్లెలలో ఏమి జరిగిందో కొలవలేదు. అదే సమయంలో రాష్ట్రపు గ్రామీణ కుటుంబాలపై జరిగిన మరొక సర్వేలో నూటికి ఎనభైకి పైగా కుటుంబాలు ఒకటికి మించిన అప్పులతో ఉన్నట్లు తేలింది.

ప్రాథమిక ఫలితాలు అందరికీ అందుబాటులో ఉండగానే, 2010 ఆగస్టులో స్వయం కృషి సంఘపు వారసురాలైన ఎస్‌కెఎస్ మైక్రోఫైనాన్స్ స్టాక్ మార్కెట్టుకెక్కింది. ఒక్కొక్క వాటా 985 రూపాయల చొప్పున దాదాపు 1,650 కోట్లు సమీకరించిన ఆ సందర్భంలో దరఖాస్తులు పది రెట్లకు మించి వచ్చాయి. మరుసటి నెల న్యూయార్కులో జరిగిన ఒక చర్చలో యూనస్, ఆకుల ఎదురెదురుగా కూర్చుని, పేదల నుంచి లాభం గడించి ధనికులకు పంచడం ఈ ఉద్యమ ధర్మమా అని ఒకరూ, మార్కెట్టు ధనం లేకుండా కోట్ల మందిని చేరేదెట్లా అని మరొకరూ వాదించుకొన్నారు. ఇద్దరి వాదాలలోనూ సత్యాంశ ఉన్నది. అయితే మార్కెట్టు వాటా ధరగా ప్రకటించిన అంకె పేదలకు జరిగిన మేలు కొలత కానే కాదు. వచ్చే ఏళ్లలో ఇంకెంత మందికి, ఇంకెంత అప్పు ఇవ్వగలరన్న అంచనా అది. ఆ అంచనాను నిజం చేయవలసిన బరువు చివరకు ఊళ్లలో తిరిగే ఇరవై, ఇరవై అయిదేళ్ల క్షేత్ర సిబ్బంది మీద, వారినుంచి సెంటరు మీటింగులో కూర్చున్న స్త్రీల మీద పడింది.

2010 అక్టోబరులో, ఆత్మహత్యల వార్తలు పత్రికలను నింపుతున్న వేళ, రోశయ్య ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. డిసెంబరులో శాసనసభ దానిని చట్టం చేసింది. ప్రతి సంస్థా జిల్లాలో నమోదు కావాలి. వారపు కంతులు పోయి నెల కంతులు రావాలి. వసూళ్లు ఇంటి గడప వద్ద గాక పంచాయతీ కార్యాలయం వంటి బహిరంగ స్థలంలో జరగాలి. వడ్డీ అసలును మించరాదు. సంఘ సభ్యురాలికి మరొక అప్పు ఇవ్వాలంటే ముందుగా అనుమతి పొందాలి. వ్యక్తిగత గౌరవాన్ని కాపాడే నిబంధనలుగా వీటిలో కొన్ని నిర్దుష్టమైనవి. కాని ప్రభుత్వం ఇక్కడ తటస్థ న్యాయనిర్ణేత కాదన్న సంగతీ చరిత్రకారుడు చెప్పవలసినదే: పావలా వడ్డీ రుణాలతో తన సొంత సంఘాల వ్యవస్థను నడుపుతున్న ప్రభుత్వానికి ఈ కంపెనీలు ప్రత్యర్థులు, అప్పు కట్టనవసరం లేదన్న సంకేతాన్ని పక్షభేదం లేకుండా నాయకులు ఊరూరా పంపారు. తొంభై తొమ్మిది వద్ద ఉన్న వసూళ్ల శాతం కొద్ది నెలల్లో పదికి అటూయిటూగా పడిపోయింది. ఏడువేల కోట్ల రూపాయలకు పైబడిన రుణం మురిగిపోయింది. పేదల మేలుకు నిదర్శనంగా పదేళ్లు పూజలందుకొన్న అంకె ఒక్క శీతాకాలంలో కూలిన తీరు, ఆ అంకె ఆదినుంచీ వేరే దేనినో సూచిస్తూ వచ్చిందనడానికి కావలసినంత సాక్ష్యం.

ఈ రంగాన్ని పరిశీలించడానికి రిజర్వు బ్యాంకు నియమించిన వై.హెచ్. మాలెగాం సంఘం 2011 జనవరిలో నివేదిక సమర్పించింది. వడ్డీకీ, లాభపు అంతరానికీ, ఒక్క కుటుంబానికి రుణమిచ్చే సంస్థల సంఖ్యకూ రిజర్వు బ్యాంకు హద్దులు పెట్టింది. రుణ సమాచార సంస్థలు బలపడ్డాయి. విక్రమ్ ఆకుల ఆ ఏడాది నవంబరులో తాను స్థాపించిన కంపెనీని విడిచారు; పేరు మార్చుకొన్న ఆ కంపెనీ 2019లో ఒక బ్యాంకులో విలీనమైంది. 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు, రిజర్వు బ్యాంకు వద్ద నమోదైన కంపెనీలకు రాష్ట్ర చట్టం వర్తించదని తీర్పు చెప్పడంతో న్యాయపరమైన అధ్యాయం ముగిసింది.

పరిశోధనాధ్యాయం మాత్రం ఒక అనూహ్యమైన మలుపు తిరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో డబ్బు మురిగిపోయిన కంపెనీలు ఇతర రాష్ట్రాలలో రుణాలు తగ్గించుకోక తప్పలేదు. అప్పు ఎగవేయని, ఆర్డినెన్సుతో సంబంధం లేని జిల్లాలు కూడా హఠాత్తుగా రుణానికి ఎండిపోయాయి. ఎమిలీ బ్రెజా, సింథియా కిన్నన్ ఆ జిల్లాలను పరిశీలించి 2021లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, రుణం ఎక్కువగా తగ్గిన చోట రోజు కూలీ రేట్లూ, కుటుంబాల కూలి ఆదాయమూ, ఖర్చూ తగ్గాయి. అప్పు తీసుకొన్న చిన్న వ్యాపారి మరొకరికి పని ఇస్తాడు. అప్పు ఆగితే, ఏనాడూ అప్పు తీసుకోని కూలీ సైతం నష్టపోతాడు. బస్తీలలో ఇంటింటికీ కొలిచినప్పుడు సన్నగా కనబడిన మేలు, జిల్లా మొత్తంలో అది తొలగిపోయినప్పుడు అంతకంటె పెద్దదిగా కనబడింది. ఈ రెండు పరిశోధనలలోనూ పాల్గొన్న కిన్నన్ వంటివారు తమ తొలి నిర్ణయాన్ని తామే విస్తరించుకొన్నారంటే, సంస్థల ఉపకారాన్ని కొలవడంలో ఎంత ఓర్పు అవసరమో అర్థమవుతుంది. కంపెనీలను రక్తపిపాసులుగా చిత్రించినవారూ, దారిద్ర్య విమోచకులుగా కీర్తించినవారూ పదేళ్లు ఆగలేదు.

ఈ అధ్యాయం నడుస్తున్న కాలంలోనే హైదరాబాదు మరొక పాఠాన్ని చూచింది. సత్యం కంప్యూటర్స్ 2008 సెప్టెంబరులో ఉత్తమ కార్పొరేట్ పరిపాలనకు గోల్డెన్ పీకాక్ పురస్కారం పొంది, నాలుగు నెలలు తిరగకముందే, 2009 జనవరి 7న, తన లెక్కలు కల్పితమని దాని అధ్యక్షుడు రామలింగరాజు నోటనే ఒప్పుకొన్నది. అదే రామలింగరాజు చొరవతో 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 అంబులెన్సు సేవ మాత్రం నిజమైనది, ప్రాణాలు నిలిపినది. ఆయన పతనం తరువాత మరొక సంస్థ చేతికి వెళ్లి నేటికీ నడుస్తున్నది. దానధర్మం కంపెనీ నిజాయితీకి సాక్ష్యం కాదు, కంపెనీ మోసం దానపు ఫలాన్ని రద్దు చేయదు. ఇందుకు భిన్నమైన మార్గంలో, వరప్రసాదరెడ్డి 1993లో స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో హెపటైటిస్-బి టీకాను తెచ్చినప్పుడు, విదేశీ టీకా ధరలో కొద్ది భాగానికే అది దొరికింది. అక్కడ లాభమూ మేలూ ఒకే అమ్మకంలో ఉన్నాయి, వేరే ధర్మనిధి అవసరం పడలేదు.

2013 కంపెనీల చట్టపు 135వ విభాగం ఈ అనుభవాల తరువాత వచ్చినా, వాటి సారాన్ని గ్రహించిందని చెప్పలేము. నికర విలువ 500 కోట్లు, లేదా టర్నోవరు 1,000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్లు దాటిన కంపెనీ తన సగటు లాభంలో రెండు శాతం సామాజిక కార్యాలకు ఖర్చు చేయాలి. 2021 నుంచి పెద్ద కంపెనీలు తమ పెద్ద సామాజిక పథకాల ఫలితాలను స్వతంత్ర సంస్థ చేత మదింపు చేయించాలి. ఈ నిధులతో బడులు, నీటి శుద్ధి కేంద్రాలు, ఆసుపత్రి పరికరాలు వచ్చాయి. వాటిని తక్కువ చేయనక్కరలేదు. కాని చట్టం రెండు శాతాన్ని మదింపు చేయమంటున్నది. సమాజం మీద ప్రభావమంతా మిగిలిన తొంభై ఎనిమిది శాతపు వ్యాపారంలో ఉన్నది. సిగరెట్టు కంపెనీ బడికి బల్లలిస్తే బల్లలు లెక్కకు వస్తాయి, సిగరెట్టు రాదు. సెబీ నిర్దేశించగా 2022-23 నుంచి మొదటి వెయ్యి నమోదు కంపెనీలకు తప్పనిసరి అయిన బాధ్యతాయుత వ్యాపార నివేదిక ఈ లోటును కొంత తీర్చింది: నీరు, విద్యుత్తు, వ్యర్థాలు, వేతన వ్యత్యాసం, ప్రమాదాలు ఇప్పుడు కంపెనీలే ప్రకటించాలి. ఆ నివేదికలు మదుపరుల కోసం, వారి భాషలో తయారవుతున్నాయి. కర్మాగారం పక్క ఊరివాడు వాటిని చదవలేడు, ఖండించలేడు.

వెలుపలివాడు లెక్క చదివి ఖండించే పద్ధతిని తెలుగు నేల ఇప్పటికే చూచింది. 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో జాతీయ ఉపాధి హామీ పథకం ప్రారంభమైన ఏడాదినుంచే ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక తనిఖీ మొదలైంది. మస్టరు రోలు ఊరి మధ్య బిగ్గరగా చదివారు, పని చేయని పేరు వినబడితే లేచి నిలబడి చెప్పే హక్కు కూలీకి దక్కింది. లోపాలు లేని పద్ధతి కాదది. పట్టుబడిన సొమ్ములో తిరిగి వసూలైనది కొద్ది భాగమే. అయినా కొలిచే అధికారాన్ని, కొలవబడే కార్యంతో బతుకు ముడిపడినవారి చేతిలో పెట్టిన విధానం అది.

కంపెనీల చట్టం కేంద్ర ప్రభుత్వపు పరిధిలోనిది. కాని భూమి, నీరు, విద్యుత్ రాయితీ, పన్ను మినహాయింపు ఇచ్చేది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలే, అజామాబాదు కౌళ్లనాటి నుంచీ ఇస్తూ వచ్చినవీ ఇక్కడి ప్రభుత్వాలే. అట్లా ఇచ్చేటప్పుడు, ఆ సంస్థ వార్షిక ప్రభావ నివేదిక తెలుగులో వెలువడాలనీ, పరిసర గ్రామసభలోనో బస్తీ సభలోనో ఏడాదికి ఒకసారి చదవబడాలనీ, సభలో వచ్చిన అభ్యంతరాలు నివేదికకు జతపడాలనీ, విశ్వవిద్యాలయ పరిశోధకులకు లెక్కలు అందుబాటులో ఉండాలనీ ఒప్పందంలో రాయించడానికి కొత్త చట్టమేదీ అక్కరలేదు, ఒక ప్రభుత్వ ఉత్తర్వు చాలు. ఆ ఉత్తర్వును కోరవలసినదిగా రెండు రాష్ట్రాల శాసనసభ్యులకూ, పాఠకులకూ నా విజ్ఞప్తి.